క్రైస్తవ చరిత్రలో పాపక్షమాపణ సిద్ధాంతం

క్రైస్తవ మతాన్ని గురించి మన ముస్లిం సోదరుల మధ్య ప్రస్తావన వచ్చినప్పుడు తరచు రెండు మాటలు వినిపిస్తాయి. "క్రైస్తవులు ఎన్ని పాపాలు చేసినా ఫరవాలేదట, అన్నిటినీ యేసు మోశాడట" అన్నది ఒకటి. "ఒకప్పుడు పోపులు సొమ్ము పుచ్చుకొని క్షమాపణ చీటీలు అమ్మేవారట" అన్నది రెండవది. మొదటి మాట ఎక్కడో సగం విన్నది. రెండవది పాఠశాల చరిత్ర పుస్తకాలలో 'పాపపరిహార పత్రాలు' అన్న పేరుతో చదివినది. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నది. అయితే కొంత నిజాన్ని పట్టుకొని వాదనకు దిగడం ముస్లింకు తగిన పని కాదు. గ్రంథప్రజలతో వాదించవలసి వస్తే ఉత్తమమైన రీతిలోనే వాదించాలని దివ్య ఖుర్ఆన్ ఇరవై తొమ్మిదవ సూరాలో మనకు ఆదేశం ఉన్నది. ఎదుటివాని విశ్వాసాన్ని అతడు "ఔను, ఇదే మా విశ్వాసం" అని ఒప్పుకొనే రూపంలో చెప్పగలగడం ఆ ఉత్తమ రీతికి మొదటి మెట్టు.

పాపక్షమాపణ ద్వారా ముక్తి అనే క్రైస్తవ సిద్ధాంతం చరిత్రలో ఏయే దశలు దాటి వచ్చిందో ఈ వ్యాసంలో సంగ్రహంగా పరిశీలిద్దాం. ఈ పరిశీలనలో రెండు ప్రశ్నలను వేరువేరుగా ఉంచుకోవడం అవసరం. దేవుడు ఏ ఆధారం మీద పాపిని క్షమిస్తాడు? ఇది మొదటి ప్రశ్న. క్షమాపణ లభించిందని పాపికి తెలిపేదెవరు, ఏ విధంగా? ఇది రెండవ ప్రశ్న. క్రైస్తవ సంఘం లోపల శతాబ్దాల తరబడి సాగిన కలహాలలో అధికభాగం రెండవ ప్రశ్నను గురించినవి. ఇస్లాంకూ క్రైస్తవానికీ గల అసలు భేదం మొదటి ప్రశ్న దగ్గర ఉన్నది.

తొలి శతాబ్దాలు

హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) శిలువపై మరణించారనీ, ఆ మరణం మానవుల పాపాలకు ప్రాయశ్చిత్తమనీ క్రైస్తవుల నమ్మకం. ఈ సిద్ధాంతం క్రీ.శ. 325లో జరిగిన నైసియా సభలో పుట్టిందని మనలో కొందరు భావిస్తుంటారు. అది చరిత్రకు పొసగదు. నైసియా సభలో ప్రధానంగా చర్చ జరిగింది యేసు స్వభావాన్ని గురించి. శిలువ మరణం పాపాల కోసమన్న నమ్మకం, మొదటి శతాబ్దం మధ్యకాలంలో పౌలు వ్రాసిన లేఖలలోనే స్పష్టంగా కనిపిస్తున్నది. కొత్త నిబంధనలో నేడున్న రచనలలో ఆ లేఖలే అత్యంత పురాతనమైనవి. ఆ నమ్మకాన్ని మనం అంగీకరించము. కాని దాని వయస్సును తగ్గించి చెప్పడం వల్ల మన వాదానికి బలం చేకూరదు.

ఆ క్షమాపణను మనిషి పొందే ద్వారం బాప్తిస్మం. ఈనాటి కథోలిక క్రైస్తవులు తెలుగులో దీనిని జ్ఞానస్నానం అంటారు. పాపాల క్షమాపణ కొరకు ఒకే బాప్తిస్మమని 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడిన విశ్వాస ప్రమాణం చెబుతున్నది. ఈ "ఒకే" అన్న మాటలోనే చిక్కు దాగి ఉన్నది. స్నానంతో పాత పాపాలన్నీ కడిగివేయబడితే, ఆ తర్వాత చేసిన పాపాల సంగతేమిటి? ఈ భయంతో ఎందరో బాప్తిస్మాన్ని వాయిదా వేసుకొనేవారు. క్రైస్తవాన్ని ఆదరించిన మొదటి రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 337లో మరణశయ్యపైనే బాప్తిస్మం పొందాడు. ఉత్తర ఆఫ్రికాలో పుట్టిన అగస్టీన్ బాల్యంలో తీవ్రంగా జబ్బుపడినప్పుడు అతనికి బాప్తిస్మం ఇప్పించబోయి, కోలుకోగానే ఆపివేశారు. ముప్పై ఏండ్లు దాటిన తర్వాత, 387లో మిలాన్ నగరంలో అతడు దానిని పొందాడు.

ఈ చిక్కు సంఘాన్ని కుదిపివేసిన సందర్భం 250వ సంవత్సరంలో వచ్చింది. రోమన్ చక్రవర్తి డీసియస్, ప్రజలందరూ రోమన్ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్లు ధృవపత్రం పొందాలని ఆజ్ఞాపించాడు. అటువంటి పత్రాలు కొన్ని ఈజిప్టు ఇసుకలో నేటికీ దొరికాయి. ప్రాణభయంతో ఎందరో క్రైస్తవులు బలి అర్పించారు. మరికొందరు లంచమిచ్చి పత్రం సంపాదించారు. హింస తగ్గుముఖం పట్టాక వారంతా తిరిగి సంఘంలో చేరాలని వచ్చారు. విగ్రహానికి బలి ఇచ్చినవానికి క్షమాపణ ఉన్నదా? రోములో నొవేషియన్ అనే పెద్ద, లేదన్నాడు. అట్టివానిని దేవుడు క్షమించవచ్చునేమో గాని సంఘం చేర్చుకోరాదని అతని వాదం. కార్తేజ్ పీఠాధిపతి సిప్రియన్ మధ్యమార్గం పట్టాడు. దీర్ఘకాలం పశ్చాత్తాప దీక్ష జరిపిన తర్వాత, పీఠాధిపతి ఆమోదంతో చేర్చుకోవచ్చునన్నాడు. 251లో కార్తేజ్ సభ ఈ మార్గాన్నే అనుసరించింది. సిప్రియన్ 258లో తన విశ్వాసం కోసం శిరచ్ఛేదానికి గురయ్యాడు.

ఇక్కడ జరిగిన మార్పు గమనార్హం. క్షమించేది దేవుడే అన్నది మారలేదు. కాని ఆ క్షమాపణను ప్రకటించే అధికారం ఒక పదవికి దఖలుపడింది. 390లో థెస్సలొనీకా నగరంలో వేలాదిమందిని చంపించిన చక్రవర్తి థియొడోసియస్, మిలాన్ పీఠాధిపతి ఆంబ్రోస్ మందలింపుకు తలవంచి బహిరంగంగా పశ్చాత్తాప దీక్ష పూనవలసి వచ్చింది. చక్రవర్తిని సైతం నిలదీయగలిగిన ఆ అధికారంలో ఒక మేలు ఉన్నదని ఒప్పుకోవాలి. అదే అధికారం తర్వాతి కాలంలో ఏ దారి పట్టిందో ముందు చూద్దాం.

దీక్షల పట్టిక

తొలి కాలంలో ఈ పశ్చాత్తాప దీక్ష జీవితంలో ఒక్కసారే లభించేది, బహిరంగంగా జరిగేది. పాపుల తప్పులను అందరి ఎదుట చదివించడం కూడదనీ, రహస్యంగా ఒప్పుకుంటే చాలుననీ పోపు మొదటి లియో 459లో వ్రాశాడు. ఆరవ శతాబ్దం నుండి ఐర్లండు సన్యాసులు పూర్తిగా వేరొక పద్ధతిని వ్యాప్తిచేశారు. పాపి ఎన్నిసార్లయినా గురువు వద్ద ఏకాంతంగా తప్పు ఒప్పుకోవచ్చు. గురువు చేతిలో ఒక పట్టిక ఉంటుంది. ఈ పాపానికి రొట్టె, నీళ్ళతో ఇన్ని దినాల ఉపవాసం, ఆ పాపానికి ఇన్ని సంవత్సరాల దీక్ష అని అందులో వ్రాసి ఉంటుంది. 589లో స్పెయిన్‌లోని టొలేడో సభ పదేపదే క్షమాపణ పొందే పద్ధతిని ఖండించింది. 829లో పారిస్ సభ ఈ పట్టికల పుస్తకాలను వెదకి తగులబెట్టమన్నది. అయినా ఏకాంత ఒప్పుకోలే నిలిచింది. ప్రతి క్రైస్తవుడూ ఏడాదికి ఒక్కసారైనా తన గురువు వద్ద పాపాలు ఒప్పుకొనాలని 1215లో లాటరన్ సభ శాసించింది. ఒప్పుకున్న రహస్యాన్ని బయటపెట్టిన గురువుకు కఠిన శిక్ష కూడా అదే సభ విధించింది.

పట్టిక అనగానే మనం నవ్వుకోనవసరం లేదు. మన షరీఅత్‌లోనూ నిర్ణీతమైన కఫ్ఫారాలు ఉన్నాయి. ప్రమాణం భంగపరచినవాడు పదిమంది పేదలకు అన్నం పెట్టాలి, లేదా వస్త్రాలివ్వాలి, లేదా ఒక బానిసను విడిపించాలి. ఇవేవీ చేతకానివాడు మూడు దినాలు ఉపవాసం పాటించాలి. అయితే ఒక భేదం ఉన్నది. కఫ్ఫారా సొమ్ము పేదవానికి చేరుతుంది. దానిని స్వీకరించి "నీవు క్షమించబడ్డావు" అని ప్రకటించే మానవుడెవరూ మధ్యలో లేడు.

ముగ్గురు సమకాలికులు

ఈ చరిత్రలో 1095వ సంవత్సరం ముస్లింలు మరువరానిది. ఆ ఏడాది నవంబరులో పోపు రెండవ అర్బన్ ఫ్రాన్సులోని క్లెర్మాంట్ సభలో, కీర్తి కోసమో ధనం కోసమో కాక భక్తితో జెరూసలేం విముక్తికి బయలుదేరేవానికి ఆ ప్రయాణమే సమస్త పశ్చాత్తాప దీక్షకు బదులుగా పరిగణించబడుతుందని ప్రకటింపజేశాడు. ఉపవాసాల స్థానంలో ఖడ్గం వచ్చింది. 1099లో బైతుల్ మఖ్దిస్‌లో ఎంత రక్తం పారిందో చరిత్రకారులందరూ వ్రాసినదే. దీక్షను మరొకదానితో మార్చుకొనే పద్ధతి విస్తరించడానికి, అనగా పాపపరిహార పత్రాలు పెరిగిన మార్గానికి, శిలువ యుద్ధం ఒక ముఖ్య ద్వారం.

అదే 1095 చివరలో, హిజ్రీ 488లో, ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) బాగ్దాదులోని నిజామియా విద్యాలయంలో తమ గొప్ప పదవిని వదలిపెట్టి సిరియా దిక్కుగా సాగిపోయారు. ఆయన అటుపిమ్మట రచించిన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో చివరి నాలుగవ భాగం పేరు 'మున్జియాత్', అనగా ముక్తినిచ్చే గుణాలు. ఆ భాగంలో మొదటి అధ్యాయమే తౌబా. తౌబాలో ఆయన మూడు అంశాలు చూపించారు. పాపం ఎంత హానికరమో తెలుసుకొనే జ్ఞానం, ఆ జ్ఞానం వల్ల హృదయంలో పుట్టే పశ్చాత్తాపం, ఆ పశ్చాత్తాపం చేయించే క్రియ. ఆ క్రియ వర్తమానంలో పాపాన్ని వదలడం, భవిష్యత్తులో చేయనని నిశ్చయించుకోవడం, గతంలో పోయినదాన్ని సరిదిద్దడం.

సరిగ్గా అదే కాలంలో ఇంగ్లండులోని కాంటర్‌బరీ ప్రధాన పీఠాధిపతి ఆన్సెల్మ్, దేవుడు మనిషి ఎందుకు కావలసి వచ్చిందన్న ప్రశ్నపై ఒక గ్రంథాన్ని 1098లో ముగించాడు. అంతకు ముందు ఎందరో క్రైస్తవ పండితులు, యేసు మరణం మానవులను షైతాను చెర నుండి విడిపించడానికి చెల్లించిన మూల్యమని చెప్పేవారు. ఆన్సెల్మ్ ఆ మాటను త్రోసిపుచ్చాడు. షైతానుకు దేవుడు బాకీపడడం ఏమిటన్నాడు. పాపమంటే దేవునికి చెల్లవలసిన గౌరవాన్ని చెల్లించకపోవడం, ఆ బాకీ అపారమైనది, చెల్లించవలసినవాడు మనిషి, చెల్లించగలిగినవాడు దేవుడొక్కడే, కనుక దేవుడూ మనిషీ అయినవాడే చెల్లించాలి అన్నది అతని తర్కం.

మనకు ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. కేవలం కరుణతో, ఏ చెల్లింపూ లేకుండా దేవుడు క్షమించవచ్చు గదా అన్న ప్రశ్నను ఆన్సెల్మ్ తానే లేవనెత్తాడు. అలా చేస్తే పాపి, పాపం చేయనివాడు సమానమవుతారనీ, దేవుని రాజ్యంలో న్యాయం చెదిరిపోతుందనీ అతని సమాధానం. ముస్లిం అడిగే ప్రశ్న సరిగ్గా ఇదే. తొమ్మిది శతాబ్దాల క్రితమే దానిని ఎదుర్కొన్న క్రైస్తవ పండితుడున్నాడని మనం తెలుసుకోవాలి. అతని సమాధానం క్రైస్తవులందరికీ తృప్తినివ్వలేదు. ఒక నిర్దోషి రక్తాన్ని మూల్యంగా కోరడం క్రూరమని పారిస్ పండితుడు అబెలార్డ్ (1079-1142) అభ్యంతరం చెప్పాడు. శిలువ దేవుని ప్రేమను చూపి మనిషిలో ప్రేమను రగిలిస్తుందన్నాడు. అతని బోధలను బెర్నార్డ్ అనే సన్యాసి తీవ్రంగా ఖండించాడు. తూర్పు దేశాల ఆర్థొడాక్స్ సంఘాలలో ఆన్సెల్మ్ తర్కానికి ఏనాడూ ప్రధాన స్థానం లేదు. ఆదం (అలైహిస్సలాం) దోషం ప్రతి శిశువుకూ సంక్రమిస్తుందని అగస్టీన్ చెప్పిన తీరును కూడా ఆ సంఘాలు అంగీకరించవు. కనుక "క్రైస్తవులందరూ ఇలా అంటారు" అనేముందు, ఏ క్రైస్తవులు అని అడగడం మంచిది.

పత్రాల కాలం

పాశ్చాత్య సంఘం పాపంలో రెండు భాగాలను వేరుచేసింది. ఒకటి దోషం. అది పశ్చాత్తాపంతోనూ ఒప్పుకోలుతోనూ తొలగుతుంది. రెండవది దోషం తొలగినా మిగిలే తాత్కాలిక శిక్ష. దానిని ఈ లోకంలో దీక్షలతోనో, మరణానంతరం 'ఉత్తరించు స్థలం'లోనో అనుభవించి తీర్చాలి. పరిహార పత్రం తగ్గించేది ఈ రెండవదానినే. యేసు, పునీతుల పుణ్యాలు ఒక నిధిగా సంఘం అధీనంలో ఉన్నాయని పోపు ఆరవ క్లెమెంట్ 1343లో ప్రకటించాడు. చనిపోయినవారి ఆత్మలకు కూడా ఆ ఫలం వర్తింపజేయవచ్చునని పోపు నాలుగవ సిక్స్టస్ 1476లో ప్రకటించాడు. సిద్ధాంతంలో ఎక్కడా "డబ్బుకు పాపం మాఫీ" అని లేదు. ఆచరణలో సామాన్యుడు అర్థం చేసుకొన్నది మాత్రం అదే.

1454లో జర్మనీలోని మైన్జ్ నగరంలో అచ్చయిన పత్రాలు ఐరోపా ముద్రణ చరిత్రలో తేదీ తెలిసిన మొట్టమొదటి ముద్రితాలలో ఒకటి. అవి కూడా పరిహార పత్రాలే. తుర్కుల నుండి సైప్రస్ ద్వీపాన్ని కాపాడడానికి చందా ఇచ్చినవారికి వాటిని ఇచ్చారు. కాన్‌స్టాంటినోపుల్‌ను సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ జయించి అప్పటికి ఒక్క ఏడాది మాత్రమే గడిచింది.

1515లో పోపు పదవ లియో, రోములో సెయింట్ పీటర్ దేవాలయ నిర్మాణానికై జర్మనీలో పత్రాల ప్రచారానికి అనుమతినిచ్చాడు. వసూళ్ళలో సగం రోముకు వెళ్ళేది. మిగిలిన సగం, మైన్జ్ ప్రధాన పీఠాధిపతి ఆల్బర్ట్ తన పదవి కోసం ఫుగ్గర్ అనే వడ్డీవ్యాపార కుటుంబం వద్ద చేసిన అప్పు తీర్చడానికి వెళ్ళేది. చనిపోయినవారి నిమిత్తం సొమ్ము చెల్లించేవారికి పశ్చాత్తాపం, ఒప్పుకోలు కూడా అక్కరలేదని ఆల్బర్ట్ ఇచ్చిన సూచనలలో ఉన్నది. టెట్జెల్ అనే సన్యాసి ఈ ప్రచారం సాగించాడు. విట్టెన్‌బర్గ్ వాసులు సరిహద్దు దాటి వెళ్ళి పత్రాలు తెచ్చుకొంటుంటే, అక్కడి ఆచార్యుడు మార్టిన్ లూథర్ 1517 అక్టోబరు 31న తన 95 వాదాలను ఆల్బర్ట్‌కు పంపాడు.

లూథర్ మనోవేదన సొమ్మును గురించి మాత్రమే కాదు. అతడు 1505లో సన్యాసిగా చేరి గంటల తరబడి పాపాలు ఒప్పుకొనేవాడు. "నా పశ్చాత్తాపం దేవునికి చాలిందో లేదో నాకెలా తెలుస్తుంది?" అన్న భయం అతన్ని వెన్నాడింది. పౌలు రోమీయులకు వ్రాసిన లేఖలో అతడు తన సమాధానం కనుగొన్నాడు. మనిషి తన క్రియలవల్ల కాదు, విశ్వాసం వల్లనే నీతిమంతునిగా ఎంచబడతాడన్నాడు. 1521లో పోపు అతన్ని సంఘం నుండి వెలివేశాడు. మన గుంటూరులో 1842లో మొదలైన లూథరన్ సంఘం ఈ శాఖకు చెందినదే. ఆ సంఘపు సోదరుని వద్ద పరిహార పత్రాలను ఎత్తిచూపడం అర్థంలేని పని. వాటిని ఎదిరించడం వల్లనే అతని సంఘం పుట్టింది.

విశ్వాసం చాలునంటే పాపానికి తలుపులు తెరిచినట్లు కాదా? ఈ ఆక్షేపణ లూథర్ కాలం నుండీ ఉన్నది. నిజమైన విశ్వాసం సత్కార్యాలను ఫలించి తీరాలని 1530లో లూథరన్లు సమర్పించిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన స్పష్టం చేసింది. 1937లో జర్మన్ లూథరన్ బోధకుడు బాన్‌హాఫర్, పశ్చాత్తాపం లేని క్షమాపణను "చౌక కృప" అని నిందించి పుస్తకమే వ్రాశాడు. నాజీలను ఎదిరించినందుకు అతన్ని 1945లో ఉరితీశారు. కథోలిక సంఘం ట్రెంట్ సభలో 1547లో, దైవానుగ్రహంతో పాటు మనిషి సహకారం కూడా కావాలని తీర్మానించింది. పశ్చాత్తాపం, ఒప్పుకోలు, పరిహారం మూడూ ఉండాలని 1551లో చెప్పింది. సొమ్ముతో ముడిపడిన పత్రాలను పోపు అయిదవ పయస్ 1567లో రద్దుచేశాడు. పరిహార సిద్ధాంతం మాత్రం ఆ సంఘంలో నేటికీ ఉన్నది. చివరకు 1999 అక్టోబరు 31న, ఆగ్స్‌బర్గ్ నగరంలోనే, కథోలికులు, లూథరన్లు విశ్వాసం ద్వారా నీతిని గురించి ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు.

అసలు భేదం ఎక్కడ?

ఈ చరిత్రను బట్టి తేలేదేమిటి? క్షమాపణను తెలిపేదెవరన్న ప్రశ్నపై క్రైస్తవులు తమలో తామే పోరాడుకొన్నారు, తప్పులను తామే ఎత్తిచూపుకొన్నారు, కొంతవరకు సరిదిద్దుకొన్నారు. పత్రాలు పోయినా, గురువు ముందు ఒప్పుకోలును కొన్ని శాఖలు వదిలినా, శిలువ మిగిలే ఉన్నది. క్షమించడానికి ముందు బాకీ చెల్లించబడి తీరాలన్న భావం పాశ్చాత్య క్రైస్తవంలో చాలా శాఖలకు వెన్నెముకగా నిలిచింది.

ఇస్లాం సమాధానం ఇక్కడే వేరవుతున్నది. ఆదం (అలైహిస్సలాం), ఆయన భార్య ఇద్దరూ తమ తప్పును ఒప్పుకొని వేడుకొన్నారు, అల్లాహ్ వారి తౌబాను స్వీకరించాడు. అక్కడితో ఆ బాకీ ముగిసింది. వారసత్వంగా మిగిలినదేమీ లేదు. ఒకరి బరువును మరొకరు మోయరని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల స్పష్టం చేసింది. ఆన్సెల్మ్ భయపడినట్లు, కరుణతో క్షమిస్తే న్యాయం చెదిరిపోదా? సర్వాధికారి తన హక్కును తాను వదలుకొంటే అది అన్యాయం కాదు. అన్యాయం జరిగేది, ఇతరుల హక్కును పరిహరించకుండా వదిలేస్తే. అందుకే మన ధర్మవేత్తలు అల్లాహ్ హక్కులనూ దాసుల హక్కులనూ వేరుచేశారు. మొదటివాటికి పశ్చాత్తాపం చాలు. రెండవవాటిలో సొమ్మును తిరిగి ఇవ్వాలి, బాధితుని క్షమాపణ కోరాలి. న్యాయాన్ని గురించిన ఆన్సెల్మ్ ఆందోళన సహేతుకమైనదే. ఇస్లాం దానికి జవాబును శిలువ దగ్గర కాక, అన్యాయానికి గురైన పొరుగువాని గుమ్మం దగ్గర చూపించింది.

ఇంతటితో తృప్తిపడి ఊరకుండరాదు. పరిహార పత్రం పుట్టింది ఒక దుర్మార్గుని మెదడులో కాదు. క్షమాపణ సులువుగా, కంటికి కనిపించేలా, చేతికి అందేలా కావాలన్న మనిషి కోరికలో పుట్టింది. ఆ కోరిక మనలో లేదా? ఫలానా పీరు చేయి పట్టుకొంటే చాలునని ధైర్యపడేవారు మనలో లేరా? తండ్రి చేసిన అప్పులు తీర్చకుండా, చెల్లెళ్ళకు వారసత్వ వాటా ఇవ్వకుండా, ఆయన ఆత్మశాంతికి సొమ్మిచ్చి ఖుర్ఆన్ చదివించి బాధ్యత తీరిందనుకొనేవారు లేరా? ఆక్రమించిన పొలం ఆదాయంతో హజ్ చేసి, పాపాలన్నీ కడిగివేయబడ్డాయని నమ్మేవారు లేరా? నమాజులు, ఉపవాసాలు మూటగట్టుకొని వచ్చి, తాను తిట్టినవారికీ కొట్టినవారికీ సొమ్ము కాజేసినవారికీ ఆ పుణ్యాలన్నీ పంచియిచ్చి, చివరకు రిక్తహస్తాలతో నిలిచేవాడే అసలు దివాళాకోరని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హెచ్చరించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది.

మధ్యవర్తి లేని తౌబా ముస్లిం ఉమ్మత్‌కు లభించిన గొప్ప వరం. మధ్యవర్తి లేడు కాబట్టి, "నీవు చేసినది చాలు" అని మనకు చీటీ వ్రాసి ఇచ్చేవాడూ లేడు. కనుక క్రైస్తవ సోదరునితో ఈ విషయం మాట్లాడేముందు అతని చరిత్రను అతనికి న్యాయం జరిగేలా చదవాలి. మాట్లాడిన తర్వాత ఇంటికి వచ్చి, మనం ఎవరికి ఏమి బాకీ ఉన్నామో లెక్క చూసుకోవాలి. అల్లాహ్ మనందరికీ నిజమైన తౌబా భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.